లక్ష్మక్క మోకాలి సాక్ష్యం

వేంపల్లె నుంచి గండికి పోయే దారిలో, చీనీ, అంటే బత్తాయి, తోటల మధ్య ఒక చిన్న ఊరుంది. సాయంత్రమైతే ఆ ఊళ్ళో ఆడవాళ్ళ కాళ్ళకు గజ్జెలు వస్తాయి. పగలంతా కలుపు తీసినవాళ్ళు, చీనీకాయలు ఏరి గంపలకెత్తినవాళ్ళు, బడిలో పిల్లలకు అన్నం వండినవాళ్ళు చెక్కలు చేతపట్టి రామాలయం ముందరి బండల మీద వరుస కడతారు. వాళ్ళ ముందు నిలబడి తొలి అడుగు వేసే మనిషి అసలు పేరు లక్ష్మీదేవి. ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా వెంటనే పలకదు. ఊరికంతటికీ ఆమె లక్ష్మక్క.

చెక్కభజన కూర్చుని పాడే భజన కాదని తెలియనివారికి ముందే చెప్పాలి. చేతిలో ఇత్తడి బిళ్ళలు బిగించిన చెక్కలు, కాళ్ళకు గజ్జెలు, నోట రాముడి పాట. ఈ మూడింటినీ ఒకే తాళంలో కలుపుతూ మనిషి ఎగరాలి, వంగాలి, తిరగాలి, వలయంగా సాగాలి. పెళ్ళై ఈ ఊరికి వచ్చిన కొత్తలో లక్ష్మక్క చూసినంతవరకు అది మగవాళ్ళ విద్య. మగవాళ్ళు గుడిముందు నేర్చుకుంటుంటే, ఆమె ఎదురింటి మిద్దె మీద మిరపకాయలు ఆరబోసుకుంటూ అడుగులు పట్టేసింది. ఎన్నాళ్ళయినా ఆ మిరపకాయలు ఎండకపోవడంతో అత్తకు అనుమానం వచ్చింది.

“మిరక్కాయలు ఆరబెట్టేదానికి ఎక్కినావా, వాటిని తొక్కేదానికి ఎక్కినావా మే?” అని అడిగిందట.

భర్త నరసింహ మాత్రం తల్లికి అడ్డుపడి, “ఆడనీలేమ్మా. ఆమె కాళ్ళు కట్టేస్తే నోరు లేస్తాది. కాళ్ళే నయం” అన్నాడట. ఆ ఒక్క అనుమతి చాలు. ఇప్పుడు ఆమె వెనుక పద్నాలుగు మంది ఆడవాళ్ళున్నారు.

నిరుడు శ్రావణమాసంలో గండి వీరాంజనేయుడి సన్నిధిలో ఆ జట్టు ఆడుతుండగా లక్ష్మక్క కుడి మోకాలు మెలిపడింది. అప్పుడు వేస్తున్నది పాట కొసన వేసే అడుగు, దాన్ని వాళ్ళు బొంగరం అంటారు. దాదాపు నేల తాకేంతగా కూర్చుని, ఒంటికాలి మీద గిర్రున తిరిగి లేవాలి. పాదం బండను పట్టుకుంది, ఒళ్ళు తిరిగిపోయింది, మధ్యలో మోకాలు ఎటూ పోలేకపోయింది. లోపల పచ్చి చింతకాయ విరిగినట్టు చప్పుడైందని ఆమె ఇప్పటికీ చెబుతుంది.

కర్నూలులో ఎముకల డాక్టరు జయపాల్ స్కానింగ్ చూసి మినిస్కస్ చిరిగిందన్నారు. తొడ ఎముక వచ్చి కాలి ఎముక మీద నేరుగా కూర్చోకుండా, మధ్యలో చంద్రవంక ఆకారంలో ఉండే దిండు అది. రెండు చిన్న రంధ్రాల గుండా లోపలికి వెళ్ళి చిరిగిన అంచును సరిచేశారు. నొప్పి పోయింది. లక్ష్మక్క మెట్లెక్కింది, తోటకు పోయింది, చివరికి చెక్కలూ పట్టింది.

అయితే మినిస్కస్ దెబ్బతిన్న మోకాలికి అసలు పరీక్ష నొప్పి పోయాకే మొదలవుతుంది. ఎముకల చివర్లను కప్పి ఉంచే నున్నటి పొరను మన పక్క గుజ్జు అంటారు. దిండు చిరిగితే బరువు ఆ గుజ్జు మీద పడుతుంది. అది కొందరిలో పదేళ్ళలో అరిగిపోతుంది, కొందరిలో జీవితాంతం నిలుస్తుంది. ఎవరిలో ఏమవుతుందో ఎక్స్‌రే చెప్పలేదు, చెప్పేసరికి ఆలస్యమైపోతుంది. కానీ రక్తం చెప్పగలదేమో! గుజ్జులో మార్పు మొదలైతే దాని తునకలు కీలులోని ద్రవంలోకి, అక్కడి నుంచి రక్తంలోకి, మూత్రంలోకి జారుతాయి. కాంప్ అనే ప్రోటీన్ రక్తంలో కనిపిస్తుంది, కొల్లాజెన్ ముక్కలు మూత్రంలో కనిపిస్తాయి. నోరు లేని కీలు మనకు పంపే కబుర్లు అవి. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు, వృత్తికి లాయరునైన నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. మనిషి కుంటడం మొదలుపెట్టక ముందే ఆ మనిషి కుంటబోతున్నదని తెలిస్తే, ఎన్ని మోకాళ్ళను కాపాడవచ్చు! కూలి చేసే ఎన్ని ఇళ్ళను కాపాడవచ్చు!

ఆ కబుర్లను చదవడం నేర్చుకోవడానికి జయపాల్ గారు ఒక అధ్యయనం మొదలుపెట్టారు. మినిస్కస్ చిరిగినవారి రక్తాన్ని, మూత్రాన్ని కొన్నేళ్ళపాటు మధ్యమధ్యలో పరీక్షిస్తూ పోవాలి. మనుషుల మీద జరిగే ఏ పరిశోధననైనా పర్యవేక్షించే ఎథిక్స్ కమిటీలో న్యాయం చదివినవారు ఒకరుండాలి కనుక నన్ను తీసుకున్నారు. లక్ష్మక్క ఆ అధ్యయనంలో ఎందుకు చేరిందని అడిగితే ఆమె సమాధానం ఒక్కటే: “నా రగతం సూసి ఇంగొకరి మోకాలు బాగయితాదంటే, దాసిపెట్టుకుని ఏం జేసుకునేది?”

మొదటి రెండు పరీక్షల్లో విశేషమేమీ లేదు. మూడోదానిలో రక్తంలోని కాంప్ ఒక్కసారిగా పైకి లేచింది. తమ ఫలితం తెలుసుకునే హక్కు చేరినవారికి ఉంది, లక్ష్మక్క అడిగింది, జయపాల్ గారు ఫోనులో చెప్పారు. గుజ్జు వేగంగా కరుగుతున్నట్టుందని, ముందుజాగ్రత్తగా భజన పూర్తిగా మానేయమని అన్నారు.

ఆ సాయంత్రమే ఆమె తన చెక్కలను జట్టులో అందరికంటే పెద్దదైన రామలక్ష్మమ్మ చేతిలో పెట్టి ఇంటికి పోయిందట. మళ్ళీ గుడివైపు రాలేదు. కొన్నాళ్ళకు ప్రయోగశాల వాట్సాప్‌కు ఆమె గొంతు వచ్చింది. మా కమిటీ సమావేశంలో ఆ గొంతును అందరం విన్నాం.

“సారూ, నేను లక్ష్మీదేవిని, వేంపల్లె కాడ. నా రగతం ఇంగ మీకొద్దు. అది చెప్పే మాట నాకొద్దు. ఏమనుకోవద్దండి.”

అంతే. పక్కన ఎక్కడో కోడి కూసిన చప్పుడు.

అధ్యయనం నుంచి తప్పుకోవడం ఆమె హక్కు. కమిటీ ఆ మాటే నమోదు చేసి తర్వాతి అంశానికి పోబోయింది. అప్పుడే, రక్తపరీక్షలు చేసే యువశాస్త్రవేత్త హర్షిణి చెయ్యెత్తింది.

“ఒక్క నిమిషం. రక్తంలో కాంప్ పెరిగిన మాట నిజమే. కానీ అదే రోజు తీసుకున్న మూత్రంలో కొల్లాజెన్ ముక్కలు ఏమాత్రం పెరగలేదు. గుజ్జు నిజంగా కరుగుతుంటే రెండూ పెరుగుతాయని నేను ఎదురుచూశాను.”

“ఒక్కోసారి అలా తేడా వస్తుంది,” అన్నారు జయపాల్ గారు.

నాకు ఒళ్ళు మండింది. “ఇద్దరు సాక్షులు రెండు మాటలు చెబుతుంటే, ఒకరి మాటే విని మనిషికి యావజ్జీవ శిక్ష వేస్తారా సార్? రెండో సాక్షి సంగతి ఆమెకు చెప్పారా?”

“ఎగరొద్దన్నాను. అది శిక్ష కాదమ్మా, సలహా.”

“ఆమె కాళ్ళకు అది ఏమిటో ఆమెనే అడగాలి.”

తప్పుకునే ముందు ఆమెకు పూర్తి సమాచారం అందిందో లేదో తెలుసుకోవడం మా బాధ్యతని వాదించి, కమిటీని ఒప్పించి, ఆ వారమే హర్షిణిని వెంటబెట్టుకుని వేంపల్లెకు బయలుదేరాను.

మేము చేరేసరికి పొద్దు వాలుతోంది. గుడిముందు జట్టు ఆడుతోంది. ఆడుతోందనే కంటే, తడబడుతోందనడం న్యాయం. సగం మంది కుడికి తిరిగితే సగం మంది ఎడమకు తిరిగారు. వరుస ముందు నిలబడ్డ రామలక్ష్మమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని అరుస్తోంది.

“ఏం మే నాగలతా, నీ కాలు యాడికి పోతాండాది? మీ అమ్మగారింటికా?”

“నువ్వు తాళం తప్పితే నా కాలు ఏం జేస్తాది పెద్దమ్మా?”

లక్ష్మక్క ఇల్లు ఆ పక్క సందులోనే. వరండాలో చీనీకాయల రాశి ముందు కూర్చుని పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు వేస్తోంది. మనిషి బక్కగా, గట్టిగా ఉంది. తల ఎత్తకుండానే, “రాండి, కూసోండి” అంది. బయట తాళం తప్పిన ప్రతిసారీ ఆమె ఎడమపాదం నేల మీద సరైన తాళాన్ని కొట్టి చూపిస్తోంది. కుడికాలిని మాత్రం చాచి, గాజువస్తువును పెట్టినట్టు దిండు మీద పెట్టుకుంది.

“నొప్పిగా ఉందా అక్కా?” అన్నాను.

“లేదు లాయరమ్మా. నొప్పుంటే పోరాడుండొచ్చు. నొప్పి లేదు, కుంటు లేదు. లోపల కరుగుతాండాదంట, ఉప్పుగడ్డ మాదిరి. కనపడని దానితో యెట్ల కొట్లాడేది?”

“భజన చూడటానికైనా పోవచ్చు కదా.”

“సూసి గమ్మునుండేదానికి నాకు చేతకాదు. సూస్తే లేస్తా, లేస్తే ఎగుర్తా.” ఒక కాయను చాలాసేపు చేతిలో తిప్పింది. “నేను పోకుంటే ఆ జట్టు నిలబడదని తెల్సు. నేను పోతే ఈ కాలు నిలబడదంట. ఏదో ఒకటే మిగుల్తాదని సారు చెప్పకనే చెప్పె.”

హర్షిణి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. మూత్రపరీక్ష సంగతి చెప్పింది. కాయల మీద లక్ష్మక్క చేతులు ఆగిపోయాయి. ఇంతలో రామలక్ష్మమ్మ నీళ్ళ కోసమని చెప్పి, మేమెవరో చూడటం కోసం లోపలికి వచ్చింది.

“ఆ మూడో పరీక్ష రోజు పొద్దున ఏం చేశారక్కా? అన్నీ చెప్పండి, చిన్నవి కూడా,” అంది హర్షిణి.

“ఏం జేసేది పాపా? ముందురోజు సాయంత్రమే జట్టంతా కర్నూలు వస్తిమి. నా పరీక్ష అయినాంక అందరం మంత్రాలయం పోదామని. తుంగభద్ర గట్టున సత్రంలో పండుకుంటిమి. తెల్లారి నీళ్ళు పోసుకుని, మీరు చెప్పినట్ల కాఫీ గూడ తాగకుండ ఆస్పత్రికి వస్తిమి.”

“ఆటోలోనా?”

రామలక్ష్మమ్మకు నవ్వు వచ్చింది. “ఆటోనా! మా లక్ష్మిని ఆటోలో పంపిస్తామా? సాగనంపు భజన జేసుకుంటా తెస్తిమి, గట్టు కాడ్నుంచి ఆస్పత్రి గేటు దాకా.”

హర్షిణి నావైపు చూసింది. నేను ఆమెవైపు చూశాను.

ఆ జట్టుకు ఒక ఆచారముంది. తమలో ఎవరు కాన్పుకు పోయినా, ఆపరేషన్‌కు పోయినా, కోర్టుకు పోయినా, ఆ గుమ్మం దాకా భజనతో సాగనంపుతారు. పోయే మనిషి మధ్యలో, జట్టు చుట్టూ. పోయే మనిషి కూడా అడుగు వేయాల్సిందే. వేయకపోతే పని కాదని నమ్మకం.

“దారి పొడుగునా ఎగిరారా?” అంది హర్షిణి.

“ఎగరకుండ భజనెట్ల జేస్తారు తల్లీ?”

“నేను ఆ రోజు అడిగాను కదా అక్కా! నిన్నటి నుంచి ఆటలేమైనా ఆడారా, ఎక్కువ నడిచారా, బరువు పని చేశారా అని. మూడింటికీ లేదన్నారు!”

లక్ష్మక్క ముఖంలో నిజమైన ఆశ్చర్యం కనిపించింది. “లేదు కదా. ఆట ఆడలేదు, పని జేయలేదు.”

“అంత దూరం నడిచారు!”

“దేవుని పేరు మీద ఏసిన అడుగు మన లెక్కలోకి రాదు పాపా. అది నేను నడిచింది కాదు, ఆయప్ప నడిపించింది. నా నడక అని యెట్ల చెప్పేది? అబద్ధం అయితాది.”

ఆమె అబద్ధమాడలేదు. ఆ మాటను కడప జిల్లాలో ఏ ఊళ్ళో ఎవరిని అడిగినా అదే జవాబు వచ్చేదని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. ప్రశ్నను రాసినవారిలో ఒక్కరికైనా భజన అనే మాట తట్టలేదు, అంతే.

“వచ్చాక అరగంట కూర్చోబెట్టి కదా రక్తం తీయాలి?” అన్నాను.

రామలక్ష్మమ్మ నీళ్ళచెంబు కింద పెట్టింది. “అది నేనే జేసినా. మంత్రాలయం బస్సు పోతాది, బిరీన తీయండి, కూసుంటే రగతం ఏమన్నా ఊరుతాదా అని ఆ నర్సమ్మ మీద ఎగిరితి.”

హర్షిణి లేచి నిలబడింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. “గుజ్జు నీళ్ళు పీల్చుకున్న స్పంజి లాంటిదక్కా. నడిస్తే, ఎగిరితే, అది నలుగుతుంది. నలిగినప్పుడు కాంప్ కొంచెం రక్తంలోకి వస్తుంది. దెబ్బ తగలని మోకాలిలోనూ వస్తుంది, పరుగెత్తే కుర్రవాడిలోనూ వస్తుంది. విశ్రాంతి తీసుకుంటే తగ్గిపోతుంది. ఆ రోజు మీరు గేటు దాకా ఎగిరి వచ్చి, నేరుగా చెయ్యి చాపారు. పిండిన బట్ట నుంచి నీళ్ళు కారుతుంటే, బట్ట చిరిగిందేమో అనుకున్నాం మేము!”

లక్ష్మక్క సంతోషిస్తుందని అనుకున్నాను. ఆమె కళ్ళు ఎరుపెక్కాయి. “అయితే నా మోకాలు బాగుండాదా?”

“అది ఇంకా తెలియదు. చెడిందని చెప్పడానికి ఆధారం లేదని మాత్రం తెలుసు.”

“తెల్వకుండానే నన్ను ఇంట్లో కూసోబెడ్తిరా? ఇన్నినాళ్ళు ఈ కాలిని దిండు మీద పెట్టుకుని, పసిబిడ్డను సూసినట్ల సూసుకుంటి!”

అది న్యాయమైన కోపం. హర్షిణి మెల్లగా, “మళ్ళీ చూద్దామక్కా. ముందు కదలకుండా కూర్చోబెట్టి ఒకసారి, ఆ రోజు చేసిన భజనే చేయించి ఒకసారి. అప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టొచ్చు” అంది.

“నాది గూడ తీయండి,” అంది రామలక్ష్మమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. “నా మోకాళ్ళు గుండ్రాళ్ళ మాదిరి ఉండాయి. నా రగతం ఏమంటాదో సూద్దాం.”

నేను అక్కడి నుంచే జయపాల్ గారికి ఫోను చేశాను. ఆయన అంతా విన్నారు. ఆ తర్వాత, దెబ్బతిన్న మోకాలితో పరిశోధన పేరిట ఎగిరించడం ప్రమాదమన్నారు. ఆ భయం సరైనదే. అందుకే కమిటీ ముందు షరతులు పెట్టాం: బొంగరం ఉండదు, లోతుగా కూర్చునే అడుగులు ఉండవు, డాక్టరు వెంట నడుస్తారు, ఆయన చెయ్యెత్తితే భజన ఆగుతుంది. జట్టులోని ఆరోగ్యవంతులైన ఆడవాళ్ళ రక్తం తీయడానికి వేరే అనుమతి కావలసి వచ్చింది. సమ్మతి పత్రాన్ని వాళ్ళ మాటల్లో రాసి గుడిముందు చదివి వినిపించాను.

“ఎప్పుడైనా వద్దనుకుంటే మానుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు,” అని చదివితే, నాగలత అడ్డుపడింది. “సారు ఏమనకుంటాడేమో. పెద్దమ్మ ఊరుకుంటాదా?”

లక్ష్మక్క అందరికంటే ముందు సంతకం చేసింది. తప్పుకున్న మనిషి తిరిగి వచ్చింది. కానీ నవ్వలేదు. “ఈసారి గూడ కరిగిపోతాండాదని వస్తే, నన్ను మల్లా అడగొద్దండి,” అంది.

కర్నూలులో ఆ ఉదయం నాకు ఇప్పటికీ గుండెల్లో చెక్కల చప్పుడుగానే వినిపిస్తుంది. ముందు విశ్రాంతి. ఆస్పత్రి గదిలో, రక్తం ఇవ్వడానికి ఒప్పుకున్న ఎనిమిది మంది ఆడవాళ్ళను కుర్చీల్లో కదలకుండా కూర్చోబెట్టడం ఎంత కష్టమో చూసినవారికే తెలుస్తుంది. “పాదం ఆడించొద్దు” అని హర్షిణి బతిమాలుకుంటోంది. “మనసులో పాడుకోవచ్చునా?” అని ఒకరు. “మనసులో ఎగరొద్దు మే, అది గూడ పట్టేస్తాది ఈ మిషను,” అని రామలక్ష్మమ్మ. తొలి రక్తం తీశారు. ఆ వెంటనే అందరినీ ఆటోల్లో తుంగభద్ర గట్టుకు చేర్చారు.

భజన మొదలైంది. గట్టు నుంచి పాత ఊరి సందుల్లోకి, అక్కడి నుంచి కొండారెడ్డి బురుజు పక్కగా రోడ్డు మీదికి. గజ్జెలు ఒక్కటిగా మోగుతుంటే మొదట టీ అంగడి వాళ్ళు లేచి నిలబడ్డారు. ఆ తర్వాత ఆటోలు ఆగాయి. “శాబాష్ అమ్మా, శాబాష్!” అని ఒక ఆటో అన్న హారన్‌తో తాళం వేశాడు. ఎవరో పూలు చల్లారు. అది రక్తపరీక్ష అని వాళ్ళకేం తెలుసు! లక్ష్మక్క మధ్యలో ఉంది. మొదటి వంద గజాలు ఆమె అడుగు భయంగా పడింది. కుడికాలు ముందు పెట్టి, ఒక క్షణం ఆగి, ఏదైనా విరుగుతుందేమోనని చెవి పెట్టి వింటున్నట్టు కనిపించింది. బురుజు దగ్గరకు వచ్చేసరికి ఆ ఆగడం పోయింది. జట్టు మొత్తం ఆమె కాలి వెనుక సర్దుకుంది. తడబడిన ఆ వరుసేనా ఇది అని నేను విస్తుపోయాను. పక్కన ప్యాంటు మడిచి, చెమటలు కక్కుతూ నడుస్తున్న జయపాల్ గారు ఆమె మోకాలి మీద నుంచి చూపు తిప్పలేదు; కానీ ఆయన వేళ్ళు జేబు మీద తాళం వేస్తున్నాయి.

ఆస్పత్రి గేటు. నేరుగా లోపలికి. ఊపిరి కుదుటపడక ముందే రెండో రక్తం.

ఫలితాలు రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ వారాల్లో నేను హర్షిణికి చేసిన ఫోన్లకు ఆమె నన్ను క్షమించాలి. చివరికి అందరినీ కర్నూలుకే పిలిపించారు. ఈసారి ఫోనులో చెప్పనని జయపాల్ గారే అన్నారు. లక్ష్మక్క వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. నరసింహ వెనుక నిలబడ్డాడు. రామలక్ష్మమ్మ పిలవకుండానే లోపలికి వచ్చింది.

“అక్కా, విశ్రాంతిలో తీసిన రక్తంలో కాంప్ ఆపరేషన్ తర్వాత మొదట్లో ఎంత ఉండేదో దాదాపు అంతే ఉంది. పెరగలేదు,” అన్నారు జయపాల్ గారు. “భజన తర్వాత తీసినదానిలో, మనల్ని భయపెట్టిన ఆ పాత అంకె దగ్గరికి వచ్చింది. మీ ఒక్కరికే కాదు, అందరికీ పెరిగింది. రామలక్ష్మమ్మ గారికి కూడా.”

“అయితే నా మోకాళ్ళు గూడ కరిగిపోతాండాయా!” అని ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది.

“లేదమ్మా, మీవి గుండ్రాళ్ళే.”

అందరూ నవ్వారు. లక్ష్మక్క నవ్వలేదు. ఆమెకు కావలసిన మాట ఇంకా రాలేదు.

జయపాల్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రోజు నాకు తెలిసినదాని కంటే ఎక్కువ చెప్పాను. ఈ సూచికలు వందలమందిలో, ఏళ్ళ తరబడి చూస్తే ఒక దారి చూపిస్తాయి. ఒక మనిషికి, ఒక రోజు, ఒక అంకె చూసి తీర్పు చెప్పేంత చదువు వాటి గురించి మాకు ఇంకా రాలేదు. మీ గుజ్జు కరిగిపోతోందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. ఎప్పటికీ కరగదని చెప్పడానికీ లేదు.”

“అదంతా సరే సారూ. ఆడొచ్చునా, కూడదా?”

నరసింహ చెయ్యి కుర్చీ వీపును పట్టుకుంది.

“ఆడొచ్చు.”

లక్ష్మక్క ఊపిరి బయటికి వదిలిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది.

“ఆగండక్కా, ఇంకా ఉంది. తొడ కండలు గట్టిపడే వ్యాయామం రోజూ చేయాలి. ఎగరడం మెల్లమెల్లగా పెంచుకోవాలి. వాపు వస్తే ఆపాలి. బొంగరం మాత్రం జన్మలో వద్దు. అది రక్తం చెప్పిన మాట కాదు, మీ మోకాలిని లోపల కళ్ళారా చూసిన నేను చెబుతున్న మాట.”

ఆమె కుడి మోకాలిని చూసుకుంది. అరచేత్తో దాన్ని ఒకసారి తట్టింది. నెలల తరబడి గాజువస్తువులా చూసుకున్న కాలిని, ఇంట్లో మనిషిని తట్టినట్టు తట్టింది.

“బొంగరం లేకుంటే పాట కొస యెట్ల తెగుతాది?” అంది తనలో తాను. ఆ తర్వాత తలెత్తి హర్షిణిని చూసింది. “మల్లా ఎప్పుడు రావాల పాపా, రగతానికి?”

“ఇంకా వస్తారా?”

“రాకుంటే? కానీ ఈసారి అడిగేటప్పుడు భజన జేసినావా అని అడగండి. ఊరికే ఆట, పని అంటే మాకేం తెల్సు?”

ఆ ప్రశ్న ఇప్పుడు ఆ అధ్యయనంలో ఉంది. మొక్కులు, ప్రదక్షిణలు, కాలినడకన కొండెక్కడం కూడా చేర్చాం.

మేము మాట్లాడుకుంటూ బయటికి వచ్చేసరికి వరండాలో జట్టు కనిపించింది. రామలక్ష్మమ్మ ముందే పరుగెత్తి కబురు చెప్పేసింది, కేరింతలు, కౌగిలింతలు. సెక్యూరిటీ అన్న వచ్చి, “ఏమమ్మా, పేషెంట్లుండారు, గలాటా చేయద్దండి” అన్నాడు.

“చేయం లేప్పా,” అంది లక్ష్మక్క. “చప్పుడు లేకుండ చేస్తాం.” చెప్పులు విడిచి గోడవారకు నెట్టింది. “నాగలతా, ఇట్రా. పాట కొసలో కిందికి కూసోవద్దు. వెడల్పుగా అడుగేసి, వలయం విప్పుకుంటా పోదాం, చాప పరిచినట్ల. నా ఎనకాల రా. చేతులు ఊరికే ఆడించు.”

“చెక్కలు లేకుండానా అక్కా?”

“కాళ్ళకు చెవులుండాయి మే, కానీయ్.”

ఆమె తొలి అడుగు వేసింది. పద్నాలుగు జతల వట్టి పాదాలు ఆస్పత్రి నేల మీద ఆమె వెనుక కదిలాయి. బట్టలు ఒరుసుకునే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తలుపు దగ్గర నిలబడ్డ జయపాల్ గారు మోకాలిని చూస్తున్నారు. సెక్యూరిటీ అన్న దారి వదిలి గోడకు ఆనుకున్నాడు. వలయం విచ్చుకుంటూ విచ్చుకుంటూ వరండా చివరికి చేరింది. అక్కడ చోటు చాలక లక్ష్మక్క ఒక్క క్షణం ఆగి, ఎటు తిరగాలో ఆలోచించుకుని, ఎడమకు తిరిగింది.